తొమ్మిదేళ్ళ సాక్ష్యం

"లే అమ్మా! ఆ బస్తా ముందు మోకరించకు! నీకు పుణ్యం ఉంటుంది, లే...!"

కూతురి కేకకి హెప్సిబా ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. అప్పుడే తెల్లవారింది. పిడుగురాళ్ల శివారులో సున్నం బట్టీల వెనకనున్న ఆ కాలనీలో ఆడవాళ్ళు ఇంకా కుళాయి దగ్గరకి కూడా రాలేదు. అరుగు మీద ఎప్పటిలాగే బియ్యం బస్తా, దాని మూతికి కట్టిన సంచిలో కందిపప్పు, నూనె ప్యాకెట్టు. నెలలో మొదటి శుక్రవారం! తొమ్మిదేళ్ళుగా ఒక్క నెల కూడా తప్పలేదు. ఆమె ఎప్పటిలాగే తల మీద కొంగు కప్పుకుని, ఆ బస్తా పక్కన మోకాళ్ళూని, కళ్ళనీళ్ళతో దేవునికి స్తోత్రాలు చెల్లిస్తుండగా వినిపించిందా కేక. వెనక గుమ్మంలో అత్తగారు దీనమ్మ గోడకి ఆనుకుని నిలబడి, ఎప్పటిలాగే "ఆమెన్" అంటోంది.

"ఏందే రేచల్, ఏమైంది నీకు? నిన్న మాచర్ల నుంచి వచ్చిన కాడి నుంచీ అట్టా ముఖం మాడ్చుకుని కూర్చున్నావు. ఆటలో ఓడిపోయారా?" అంది హెప్సిబా.

రేచల్ పదిహేడేళ్ళ పిల్ల. ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ ఖోఖో జట్టుతో ముందు రోజు మాచర్ల వెళ్ళి వచ్చింది. ఇంటికి వచ్చాక ఒక్క ముద్ద తినలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు బస్తా వైపు వేలు చూపింది.

"ఇది దేవుడు పంపలేదమ్మా... మాచర్ల బస్టాండులో నాన్న ఈ బస్తాని బస్సెక్కించటం నా కళ్ళతో చూశా. బస్సులో ఎవరున్నారో అడుగు... అదుగో, నాయనమ్మనే అడుగు! కంటాసుపత్రికని చెప్పి నెలనెలా యాడికి పోతందో అడుగు!"

హెప్సిబా నవ్వబోయింది. పిల్ల ఎవరినో చూసి ఎవరో అనుకుందని చెప్పబోయింది. కానీ తల తిప్పి అత్తగారి వైపు చూసేసరికి ఆ నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది. దీనమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముసలి ప్రాణం గోడ వెంట మెల్లగా జారి, గుమ్మంలో కూలబడిపోయింది...

తొమ్మిదేళ్ళ క్రితం ఆనంద్ బాబు సున్నం లారీ మీద డ్రైవరు. మిర్యాలగూడ లోడు ఉందని, రెండు రోజుల్లో వస్తానని చెప్పి, పిల్ల బుగ్గ గిల్లి వెళ్ళాడు. లారీ తిరిగొచ్చింది, మనిషి రాలేదు! ఫోను మోగలేదు. పోలీసు స్టేషనుకి పోదామంటే "వద్దమ్మాయ్, నా కొడుకు యాడున్నా వస్తాడు, పరువు తీయబాక" అని అత్తే ఆపింది. రెండు నెలలు గడిచాయి. హెప్సిబా బట్టీలో సున్నం సంచులకెత్తే పనికి కుదిరింది. వారం తిరక్కుండానే అరచేతులు పొక్కిపోయి పని మానేయాల్సి వచ్చింది. ఒక గురువారం ఇంట్లో గింజ లేదు. ఎనిమిదేళ్ళ రేచల్ ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది. హెప్సిబా ఖాళీ బియ్యం డబ్బా ముందు మోకరించి, పొక్కిన చేతులు చాచి ఏడ్చింది. "ప్రభువా! నన్ను చంపినా సరే, నా బిడ్డకి పెట్టు..." ఆ మాట ఆమె ఏ మనిషికీ చెప్పలేదు. మర్నాడు తెల్లవారి తలుపు తీస్తే, అరుగు మీద బస్తా!

ఆ ఆదివారం మందిరంలో ఆమె నిలబడి, దేవుడు తనకి చేసిన మేలుని సాక్ష్యంగా చెప్పినప్పుడు ఏడవని ఆడది లేదు. అప్పటి నుంచీ ఆ సాక్ష్యం ఊళ్ళు తిరిగింది. గురజాలలో చెప్పింది, దాచేపల్లిలో చెప్పింది. మొగుడు వదిలేసినవాళ్ళు, పంట పోయినవాళ్ళు, పిల్లలు జబ్బుపడ్డవాళ్ళు వచ్చి ఆమె చేతులు పట్టుకుని "నీ మాట విని బతికాం వదినా" అనేవాళ్ళు. చేతులు గట్టిపడ్డాక ఆమె మళ్ళీ బట్టీ పనికి వెళ్ళింది. కష్టం ఆమెది, బియ్యం దేవుడిది! అదొక్కటే ఆమెకున్న గొప్ప. ఎడారిలో తన జనానికి ఆకాశం నుంచి రొట్టె కురిపించిన దేవుడు, పిడుగురాళ్ల బట్టీల వెనక ఒక పేదరాలి గుమ్మం కూడా మరిచిపోలేదన్న గొప్ప. మొగుడు తిరిగి రావాలని ప్రతి శుక్రవారం ఉపవాసం. ప్రతి ఉదయం అత్తాకోడళ్ళిద్దరూ పక్కపక్కన మోకరించి ప్రార్థన. ఆ ప్రార్థనలో దీనమ్మ గొంతే ముందు పలికేది... "నా కొడుకు యాడున్నాడో... వాణ్ణి ఇంటికి తీసుకురా తండ్రీ!"

"చెప్పత్తా!" హెప్సిబా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అది చూసిందంతా అబద్ధమని ఒక్క మాట చెప్పు. నా పిల్లని కొడతా, నీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పు!"

"హెప్సీ... తల్లీ..."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

దీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "మొదటి నుంచీ తెలుసే... లారీ కిలీనరు చెప్పాడు. మాచర్లలో ఇంకో పిల్లని చేసుకున్నాడంట. నేను పోయేసరికే ఆ పిల్ల కడుపుతో ఉంది. నేనేం చెయ్యనే! కాళ్ళావేళ్ళా పడ్డా. వాడు రానన్నాడు..."

"మరి ఆ బస్తా?"

"సాయంత్రం తెచ్చి ఆటో కాలేషా ఇంట్లో పెట్టేదాన్ని. పాపం, తెల్లవారకముందే అతను తెచ్చి అరుగు మీద దించిపోయేవాడు. దేవుడిచ్చాడని నువ్వే అన్నావు తల్లీ... నేననలా. నువ్వు అట్టా ఏడ్చి స్తోత్రం చెపుతుంటే, నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది..."

"నా పక్కన కూర్చుని ప్రార్థన చేశావే!" హెప్సిబా గుండెలు బాదుకుంది. "వాడు యాడున్నాడో నీకు తెలుసు... ఏ వీధో తెలుసు, ఏ ఇల్లో తెలుసు! అయినా నా పక్కన మోకరించి, నా కొడుకు యాడున్నాడో అని దేవుణ్ణడిగావే! నన్ను మోసం చేశావు, సరే. దేవుడి ముందర కూర్చుని మోసం చెయ్యటానికి నీకు మనసెట్టా ఒప్పింది అత్తా...! నాకు అమ్మ లేదు. నువ్వే అమ్మవనుకున్నా. జొరమొస్తే నీ తల నా ఒళ్ళో పెట్టుకున్నా..."

"చెపితే ఆ బియ్యం నువ్వు తినవు. పిల్ల మాడిపోద్ది. ఇంకా... ఇంకా నన్ను బయటికి పొమ్మంటావని భయమేసింది. నా కొడుకు నన్ను పెట్టుకోడు. నీ పంచ తప్ప నాకేం ఉందే? ఒక్క మాట విను హెప్సీ, ఆ బియ్యం వాడు కాదు..."

"చాలు! వాడి పేరెత్తబాక! వాడి ఎంగిలి తిని నేను ఊరూరా సాక్ష్యం చెప్పానా...! వాడి చేతి కూడు తింటూ, వాడు తిరిగి రావాలని పస్తులున్నానా...!"

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మోకరించబోయింది. ఎవరికి మోకరించాలి? ఏమని? తొమ్మిదేళ్ళుగా కష్టమొస్తే పరిగెత్తి వెళ్ళి తట్టిన తలుపు అది. ఇప్పుడు ఆ తలుపు వెనక ఎవరూ లేరేమో! భర్త మోసం కత్తిలా దిగింది. అత్త మోసం అంతకన్నా లోతుగా దిగింది. కానీ ఆ రెండింటికన్నా పెద్ద గాయం ఇంకొకటి... ఆ రోజు ఖాళీ డబ్బా ముందు తను చాచిన చేతుల్ని నిజంగా ఎవరైనా చూశారా, లేదా?

మధ్యాహ్నం ఆమె తలుపు తీసేసరికి దీనమ్మ లేదు. కళ్ళద్దాలు, రెండు చీరలు పెట్టుకునే గుడ్డసంచి లేదు. "మాచర్ల బస్సెక్కింది" అన్నాడు కాలేషా తల వంచుకుని. "నన్ను క్షమించు చెల్లెమ్మా. పుణ్యం పని అనుకున్నా కానీ, దీని వెనక ఇంత ఉందని నాకు తెలవదు." హెప్సిబా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. పోనీ! కొడుకు దగ్గరకే పోనీ!

ఆ బస్తా అరుగు మీదే ఉండిపోయింది. తల్లీకూతుళ్ళు శనివారం, ఆదివారం కాలేషా భార్య బీబీ పంపిన రొట్టెలు తిన్నారు. ఆ ఆదివారం హెప్సిబా మందిరానికి వెళ్ళలేదు. సోమవారం పొద్దున బట్టీలో ఉండగా ఫోను మోగింది. తెలియని ఆడగొంతు.

"అక్కా... నా పేరు నీరజ. మాచర్ల నుంచి. ఫోను పెట్టేయకండి! పెద్దావిడ మూడు రోజుల నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టట్లేదు. హెప్సీ రమ్మంటేనే లేస్తా అని పడుకుంది. మీరు నన్ను తిట్టాలనుకుంటే వచ్చి తిట్టండి... కానీ రండి."

హెప్సిబా సున్నం చేతులు కడుక్కుని బస్సెక్కింది. పిలిచింది కాబట్టి వెళుతున్నానని తనకి తాను చెప్పుకుంది. నిజానికి ఆమెకి ఆ ఇల్లు చూడాలని ఉంది. తన తొమ్మిదేళ్ళ ప్రార్థనలు వెతికిన మనిషి ఏ గుమ్మంలో హాయిగా కూర్చున్నాడో చూడాలని ఉంది.

మాచర్ల రైల్వే గేటు దగ్గర చిన్న రేకుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను. గుమ్మంలో నిలబడ్డ మనిషిని హెప్సిబా ఎగాదిగా చూసింది. ఎంతో అందగత్తెను ఊహించుకుంది. ఎదురుగా ఉన్నది ముప్ఫై ఏళ్ళ బక్కపలచని మనిషి. కళ్ళ కింద నల్లటి వలయాలు. ఆమె కొంగు పట్టుకుని ఎనిమిదేళ్ళ ఆడపిల్ల... అచ్చం చిన్నప్పటి రేచల్!

"కూర్చోండక్కా."

"కూర్చోటానికి రాలా. మా అత్త యాడ?"

"లోపలుంది. అక్కా, ఒక్క మాట చెప్పి పంపిస్తా. ఆయన ఇంకా మీ దగ్గరకి వచ్చిపోతున్నప్పుడే, పెళ్ళి కాలేదని చెప్పి నన్ను చేసుకున్నాడు. మా నాన్న పెద్దల ముందు కాళ్ళు కడిగి ఇచ్చాడు. పెళ్ళయిన నాలుగు నెలలకి, అప్పుడు నాకు మూడో నెల. ఒక గురువారం మధ్యాహ్నం పెద్దావిడ వచ్చి ఈ గుమ్మంలోనే కూర్చుంది. 'నేను ఆనంద్ అమ్మని. వాడికి పెళ్ళాం, ఎనిమిదేళ్ళ కూతురు ఉన్నారు. పొద్దుట్నుంచీ ఆ పిల్ల ఏం తినలేదు' అంది. నాకు భూమి తిరిగిపోయిందక్కా... మా వాళ్ళ దగ్గరకి పోతే మా నాన్న గుండె ఆగి చచ్చిపోతాడు. కడుపులో ఇది. ఏం చెయ్యాలో తెలవలేదు. ఇంట్లో బియ్యం ఉన్నాయి. అవి ఎత్తి ఆవిడకిచ్చా."

హెప్సిబా ఒక అడుగు ముందుకేసింది. "నువ్వా...? నువ్వు ఇచ్చావా?"

"రెంటచింతల దగ్గర కాలువ కింద మా నాన్న ఎకరన్నర మాగాణి నాకిచ్చాడు. ఆ పంటే అక్కా. ఆయన సొమ్ము కాదు. ఆయన చేసింది బస్తా బస్సెక్కించటమే. 'మా అమ్మకి' అనుకుని ఎక్కిస్తాడు. ఒకసారి నేనే అన్నా, నీ కూతురు కూడా తింటది అని. 'వాళ్ళు ఎట్టాగో బతుకుతున్నారులే, నీకెందుకు' అన్నాడు..." నీరజ పిల్లని దగ్గరికి లాక్కుంది. "చెప్పొద్దని పెద్దావిడ దగ్గర ఒట్టు వేయించుకుంది నేనే. నా పేరు తెలిస్తే మీరు పారబోస్తారని. మీకు దానం చేశాననుకోబాకండి. నేను తినే ముద్ద నాకు దిగటానికి పంపుకున్నా."

ఎవరిని తిట్టాలని వచ్చిందో, ఆ మనిషి తనకన్నా ముందే ఏడ్చిందని హెప్సిబాకి అర్థమైంది. ఆ గురువారం పిడుగురాళ్లలో తను ఖాళీ డబ్బా ముందు కూర్చుని ఉన్న పూటే, ఇక్కడ ఈ గుమ్మంలో ఇంకో ఆడదాని బతుకు కూలిపోయింది! అలా కూలిన ఇంటి నుంచి, ఏడుస్తున్న చేతుల నుంచి వచ్చాయి ఆ బియ్యం... ఆమె నీరజ కొంగు పట్టుకున్న పిల్ల వైపు చూసింది. ఓదార్పు కలగలేదు. కోపం కూడా రాలేదు.

అప్పుడే బయట బండి ఆగింది. ఆనంద్ బాబు! కాస్త ఒళ్ళు చేశాడు. జుట్టుకి రంగు వేసుకున్నాడు. గుమ్మం ఎక్కబోతూ పక్కన ఆమెని చూసి, తాళం చేతిలో పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడిపోయాడు.

"హెప్సీ... నువ్వా... నేనే ఒకసారి వద్దామనుకుంటన్నా..."

"తొమ్మిదేళ్ళ నుంచా?"

"అది కాదు... పరిస్థితులు అట్టా... రేచల్ ఎట్టా ఉంది?"

"ఏం చదువుతుందో చెప్పు."

అతను నేల చూశాడు. "టెన్త్... కదా?"

ఆ ఒక్క మాటతో హెప్సిబాలో ఇన్నేళ్ళుగా వెలుగుతున్నదేదో ఆరిపోయింది. ఏడుపు రాలేదు. "నీ కోసం ప్రతి శుక్రవారం పస్తున్నా" అంది నెమ్మదిగా. "నీకు యాడ దెబ్బ తగిలిందో, యాడ ఆకలేస్తందో అని. ఇక నుంచి శుక్రవారాలు అన్నం తింటా. అదొక్కటి చెప్పటానికే ఆగా. పక్కకి జరుగు."

అతను జరిగాడు.

లోపల చాప మీద దీనమ్మ ముడుచుకుని పడుకుని ఉంది. కోడలి గొంతు విని లేవబోయి, లేవలేక చేతులు జోడించింది. హెప్సిబా ఆ చేతుల వైపు చూడకుండా గుడ్డసంచి తీసి భుజానికి తగిలించుకుంది. "లే అత్తా. బస్సు పోద్ది." అంతే. క్షమించానని అనలేదు. క్షమించలేదు కూడా. బయటికి వస్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంక పంపబాక నీరజా. నాకు చేతులున్నాయి. నా కూతురు తిన్నంత తిన్నది చాలు... నీ పిల్లకి పెట్టుకో." అని, నీరజ చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

ఆ సాయంత్రం అరుగు మీది బస్తా విప్పి వండింది. ముగ్గురూ తిన్నారు.

శనివారం జయరాజు అయ్యగారు ఇంటికి వచ్చారు. ఆ మందిరానికి ఇరవై ఏళ్ళుగా ఆయనే కాపరి. నరసరావుపేటలో జరగబోయే ఉజ్జీవ సభల కరపత్రంలో హెప్సిబా సాక్ష్యం ఉందని అచ్చు వేయించారు. జరిగిందంతా విని ఆయన గడ్డం నిమురుకున్నారు.

"అమ్మా హెప్సిబా, నీ బాధ నాకర్థమైంది. కానీ ఈ సంగతి మందిరంలో చెప్పొద్దు తల్లీ. నీ సాక్ష్యం మీద ఎంతమంది నిలబడి ఉన్నారో నీకు తెలుసు. వాళ్ళ విశ్వాసం చెదిరిపోద్ది."

"అయ్యగారూ," అంది హెప్సిబా, "నా విశ్వాసం చెదరకూడదనే మా అత్త తొమ్మిదేళ్ళు నాకు నిజం చెప్పలా. ఇప్పుడు నన్ను వాళ్ళందరికీ అదే చెయ్యమంటారా?"

అయ్యగారు బైబిలు చేతిలోకి తీసుకున్నారు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. అయ్యగారు ఆమె వైపు చూసి, ఒక్క క్షణం ఆగి, చేత్తో రమ్మని సైగ చేశారు. హెప్సిబా ముందుకి వెళ్ళి నిలబడింది. దీనమ్మ వెనక, చెప్పులు విడిచే చోట, తలుపు పక్కన కూర్చుని ఉంది.

"నేను ఇన్నాళ్ళూ మీకు చెప్పింది నిజం కాదు" అంది హెప్సిబా. "నాకు తెలవక చెప్పా. ఆ బస్తా ఊరికే ఊడిపడలా. మాచర్ల నుంచి వచ్చింది. నా మొగుడు అక్కడే ఉన్నాడు... ఇంకో సంసారం చేసుకుని. ఆ బియ్యం పంపింది ఆ అమ్మాయి. ఆమెని కూడా మోసం చేశాడు. ఆమె తన పొలంలో పండినవి నా బిడ్డకి పంపింది. మోసుకొచ్చింది నా అత్త. వాళ్ళకి తెలుసు, నాకే తెలవదు."

ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తోంది. హెప్సిబా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు మనుషుల మీద కోపం ఉంది. దేవుడి మీద కూడా ఉంది... దాచుకోను. నా బతుకు కూల్చిన ఇంటి నుంచే నాకు కూడు రావాలా? ఇంకెవరూ దొరకలేదా ఆయనకి! వారం నుంచీ అదే అడుగుతున్నా. ఇంకా జవాబు రాలా. కానీ ఒకటి మాత్రం చెప్పాలి. ఆ గురువారం నేను అడిగా, శుక్రవారం నా బిడ్డ తిన్నది. అబద్ధం నా అత్త చెప్పింది, ద్రోహం నా మొగుడు చేశాడు. బియ్యం మాత్రం అబద్ధం కాదు. ఏడ్చే చేతులతో పెట్టింది ఆ అమ్మాయి. ఆ చేతుల్ని ఎవరు కదిలించారో... నాకు తెలిసింది ఒక్కరే. ఇంతే నా సాక్ష్యం. మీకు నచ్చకపోతే నన్ను సభలకి పిలవద్దు."

ఆమె వచ్చి తన చోట కూర్చుంది. అప్పుడు అయ్యగారు లేచి, ఏమీ బోధించకుండానే, తెల్లగుడ్డ కప్పిన బల్ల దగ్గరకి వెళ్ళారు. ఆ రోజు ప్రభువు బల్ల... యేసు శరీరానికి గుర్తుగా అందరూ ఒకే రొట్టె పంచుకుని తినే రోజు. రొట్టె పళ్ళెం వరుసలో చేతులు మారుతూ వచ్చింది. హెప్సిబా ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోబోతూ వెనక్కి తిరిగి చూసింది. పళ్ళెం తలుపు దాకా వెళ్ళింది. దీనమ్మ ముఖం నిండా కొంగు కప్పుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. పళ్ళెం ఆమెని దాటి వెళ్ళిపోయింది.

హెప్సిబా తన ముక్కని గుప్పిట్లో పట్టుకుంది. తర్వాత లేచి, అందరి మధ్య నుంచీ నడిచి వెళ్ళి, చెప్పుల పక్కన అత్తగారి దగ్గర కూర్చుంది. చేతిలోని ముక్కని రెండుగా విరిచింది.

"తీసుకో అత్తా."

"నాకొద్దే... ఏ ముఖంతో తీసుకోనే... పాపిష్టిదాన్ని..."

"నిన్ను చూస్తే నా కడుపు ఇంకా మండుతుంది" అంది హెప్సిబా మెల్లగా, ఎవరికీ వినిపించకుండా. "రేపు కూడా మండుద్దేమో. ఎన్నాళ్ళో నాకు తెలవదు. అయినా తిను. నువ్వు పస్తుంటే నాకు దిగదు."

దీనమ్మ చెయ్యి చాచింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే, ఆ చిన్న ముక్కని ఏడుస్తూ తిన్నారు.